పుట్ ఆఫ్: ఏది దూరం జరిగింది?



ఒక ఇంటిని ఊహించుకోండి. ఆ ఇంట్లో అబ్బాయికి పెళ్ళి కుదిరింది. శుభలేఖలు అచ్చయి వచ్చాయి. తల్లి ఒక్కో శుభలేఖకీ నాలుగు మూలలా పసుపు రాస్తోంది. మధ్యాహ్నం భోజనాల వేళకి బెంగళూరు నుంచి అబ్బాయి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో. ‘వెడ్డింగ్ పుట్ ఆఫ్. విల్ కాల్ ఇన్ ద ఈవెనింగ్.’ అంతే. ఇంకో ముక్క లేదు.

తండ్రి చదువుకున్నవాడే. పుట్ అంటే పెట్టడం. ఆఫ్ అంటే తెలియందేముంది? రోజూ ఫ్యాన్ ఆఫ్ చేస్తూనే ఉన్నాం. ఆఫ్ అంటే ఆగిపోవడం. అంటే పెళ్ళి ఆగిపోయింది! ఆయన ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. తల్లి పసుపు చేత్తోనే ఆడపడుచుకి ఫోన్ చేసింది. ‘వదినా, పెళ్ళి తప్పిపోయిందమ్మా!’ అంది. ఆ వదిన ఇంకో నలుగురికి చెప్పింది. సాయంత్రం అబ్బాయి ఫోన్ చేసే వేళకి ఇంటినిండా చుట్టాలు. అందరూ ఓదార్చడానికి వచ్చినవాళ్ళే.

అసలు సంగతి ఇంతే. పెళ్ళికూతురి పెదనాన్నగారికి ఆపరేషన్. పెళ్ళి మూడు వారాలు వెనక్కి జరిపారు. పెళ్ళి ఆగలేదు. తేదీ జరిగింది.

ఈ పూట మనం చెప్పుకోబోయేది ఆ రెండు చిన్న మాటల గురించే. పుట్ ఆఫ్.

ఇంగ్లీషులో ఇలాంటి జంటలు వేలల్లో ఉన్నాయి. ఒక క్రియ ఉంటుంది. దాని పక్కన ఒక పొట్టి మాట ఉంటుంది. ఆన్, ఆఫ్, అప్, డౌన్, అవుట్, ఇలాంటిది. రెండూ విడివిడిగా మనకి తెలుసు. కలిస్తే మాత్రం మూడో అర్థం వస్తుంది. వీటిని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు.

ఇది మనకి కొత్త విద్యేం కాదు. మన ‘పెట్టు’ సంగతి చూడండి. అన్నం పెడతాం. అక్కడ నిజంగానే పెడుతున్నాం, విస్తట్లో కనిపిస్తుంది. పిల్లాడికి పేరు పెడతాం. ఏం పెట్టాం, ఎక్కడ పెట్టాం? పెళ్ళికి ముహూర్తం పెడతాం. వండినదానికి వంక పెడతాం. పక్కింటివాళ్ళతో పేచీ పెట్టుకుంటాం. తెలుగు నేర్చుకుంటున్న ఒక విదేశీయుడు ‘పెట్టు’ అన్న ఒక్క మాటనే నిఘంటువులో చూసుకుని, వంక పెట్టడమంటే ఏమిటో తేల్చగలడా? తేల్చలేడు. వంక, పెట్టు, రెండూ కలిపి నేర్చుకోవాల్సిందే. పుట్ ఆఫ్ కూడా అంతే. కలిపి నేర్చుకోవాలి. విడదీసి అర్థం చూస్తే పెళ్ళి ఆగిపోతుంది.

ఈ జంటలు కష్టమని ఇంగ్లీషువాళ్ళే ఒప్పుకున్నారు. శామ్యూల్ జాన్సన్ అనే పండితుడు 1755లో లండన్‌లో పెద్ద నిఘంటువు వేశాడు. దాని ముందుమాటలో ఈ జంటల ప్రసక్తి తెచ్చాడు. పరాయివాళ్ళకి మా భాషలో బాగా కష్టమయ్యేది ఇదే సుమా అన్నాడు. అంటే రెండున్నర శతాబ్దాల కిందటే మనకి ఊరట దొరికిందన్నమాట. ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు మాత్రం చాలా ఆలస్యంగా అచ్చులోకి వచ్చింది. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత తన పుస్తకంలో ఆ పేరు వాడాడు. అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ సూచించిన పేరు. జాన్సన్ నుంచి లెక్కేస్తే నూట డెబ్బై ఏళ్ళు. నామకరణాన్ని కూడా అన్నాళ్ళు పుట్ ఆఫ్ చేశారు!

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆఫ్ అంటే ఆగడం కాదు. ఆఫ్ అంటే దూరం. మళ్ళీ చెప్తాను. ఆఫ్ అంటే దూరం, ఎడం.

మరి ఫ్యాన్ ఆఫ్ చేయడం మాటేమిటి అంటారా? అక్కడ కూడా జరిగేది అదే. స్విచ్ లోపల కరెంటు దారికి మధ్యన చిన్న ఎడం పెడుతున్నాం. ఎడం పడింది కాబట్టి ఫ్యాన్ ఆగింది. ఆగడం ఫలితం. ఎడం కారణం. మనం ఫలితాన్నే పట్టుకుని, ఆఫ్ అంటే ఆగడం అని ఖాయం చేసుకున్నాం.

కాబట్టి పుట్ ఆఫ్ ఎక్కడ వినబడినా మనసులో ఒక ప్రశ్న వేసుకోండి. ఏది దూరం జరిగింది? ఒక తేదీ దూరం జరిగిందా? ఒక మనిషిని దూరంగా ఉంచారా? లేకపోతే మనసు దూరమైందా? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే అర్థం దొరికినట్టే.

పాత ఇంగ్లీషులో ఈ దూరం కంటికి కనిపించేది. 1611లో ఇంగ్లండులో అచ్చయిన బైబిలు అనువాదం ఉంది. అందులో మోషే అనే ప్రవక్త మండుతున్న పొద దగ్గరికి వస్తాడు. ఇది పవిత్రమైన నేల, చెప్పులు విడువు అని దేవుడు ఆజ్ఞాపిస్తాడు. ఆ చెప్పులు విడవడానికి అక్కడ వాడిన మాట పుట్ ఆఫ్. కాళ్ళ నుంచి చెప్పుల్ని దూరం చేయడం. గుడి మెట్ల దగ్గర మనం చేసే పనే. ఇవాళ ఆ అర్థంలో దాదాపు ఎవరూ వాడరు. చెప్పులకీ, చొక్కాకీ టేక్ ఆఫ్ అంటారు. పుట్ ఆఫ్ చెప్పుల్ని వదిలేసి కాలం మీదికి వెళ్ళింది.

ఇప్పుడు ఎక్కువగా వినబడేది ఆ కాలం సంగతే. తేదీ దూరం జరగడం. అంటే వాయిదా వేయడం. ‘ద మీటింగ్ హ్యాజ్ బీన్ పుట్ ఆఫ్ టిల్ మండే.’ మీటింగు సోమవారానికి వాయిదా పడింది. ‘దే పుట్ ఆఫ్ ద హౌస్ వార్మింగ్ టిల్ శ్రావణం.’ ఆషాఢం వచ్చేసింది, గృహప్రవేశం శ్రావణానికి జరిపారు. మూఢం వచ్చినా, అధికమాసం వచ్చినా మన ఇళ్ళలో పుట్ ఆఫ్‌లే పుట్ ఆఫ్‌లు.

ఇక్కడే ఆ పెళ్ళివారి తికమక కూడా తీర్చేద్దాం. వాయిదా వేరు, రద్దు వేరు. వాయిదాకి పుట్ ఆఫ్. రద్దుకి కాల్ ఆఫ్. రెంటికీ చివర ఆఫే. కానీ పుట్ ఆఫ్ అయితే ఆశ ఉంది. కాల్ ఆఫ్ అయితే లేదు.

దీనికి టోక్యో నగరం కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1940 ఒలింపిక్స్ టోక్యోలో జరగాలి. చైనాతో యుద్ధంలో మునిగి ఉన్న జపాన్ రెండేళ్ళ ముందే చేతులెత్తేసింది. ఆటల్ని ఫిన్లాండ్‌లోని హెల్సింకికి ఇచ్చారు. ఈలోగా ఐరోపాలోనూ యుద్ధం వచ్చింది. ఆటలు పూర్తిగా రద్దయ్యాయి. అవి కాల్డ్ ఆఫ్. మళ్ళీ 2020లో టోక్యోలోనే ఒలింపిక్స్ జరగాలి. కరోనా వచ్చింది. ఈసారి రద్దు చేయలేదు. ఏడాది జరిపారు. అవి పుట్ ఆఫ్. 2021 జూలై 23న మొదలయ్యాయి. పేరు మాత్రం టోక్యో 2020 అనే ఉంచారు. మన పి.వి. సింధు కాంస్య పతకం తెచ్చింది ఆ పుట్ ఆఫ్ అయిన ఆటల్లోనే. ఆ ఆటలు కాల్డ్ ఆఫ్ అయి ఉంటే ఆ పతకం ఎక్కడిది?

ఒక్కోసారి ముందు పుట్ ఆఫ్ అయి, తర్వాత కాల్ ఆఫ్ అవుతాయి. అదే 2020లో మన పదో తరగతి పరీక్షలు గుర్తున్నాయా? ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ మార్చిలో వాయిదా పడ్డాయి. పిల్లలు పుస్తకాలు ముందేసుకుని రెండు నెలలకి పైగా కూర్చున్నారు. జూన్‌లో అసలు పరీక్షలే రద్దన్నారు. మార్చిలో జరిగింది పుట్ ఆఫ్. జూన్‌లో జరిగింది కాల్ ఆఫ్. ఆ ఏడాది పది చదివిన పిల్లలు మీ ఇంట్లో ఉంటే వాళ్ళని అడగండి. ఈ తేడా వాళ్ళకి నేర్పక్కర్లేదు.

ఇంకో తేడా ఉంది. రైలు రెండు గంటలు ఆలస్యంగా నడుస్తోందనుకోండి. దాన్ని పుట్ ఆఫ్ అనకూడదు. అది డిలే. ఎందుకంటే పుట్ ఆఫ్‌లో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయం తీసుకున్నారు. తేదీని చేత్తో పట్టుకుని అవతలికి జరిపారు. రైలు ఆలస్యానికి అలాంటి నిర్ణయం ఏదీ ఉండదు. అది దానంతటదే ఆలస్యమవుతుంది.

మరి పోస్ట్‌పోన్ ఉందిగా, అది వాడితే చాలదా? చాలు. అర్థం అదే. కాకపోతే పోస్ట్‌పోన్ కాస్త ఇస్త్రీ బట్టలు వేసుకున్న మాట. నోటీసు బోర్డు మీద, ప్రభుత్వ ప్రకటనలో బాగుంటుంది. ఇంట్లో, స్నేహితుల మధ్య ఇంగ్లీషువాడి నోట పుట్ ఆఫే వస్తుంది. పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు ప్రీపోన్ ఉండదా అని మనవాళ్ళు దాన్నీ తయారుచేశారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో కూడా దానికి చోటు దొరికింది, భారతీయుల వాడుక అన్న ముద్రతో. నాకైతే అది చక్కటి మాట. అయితే లండన్‌లో ఉన్న మీ మేనల్లుడు ఆఫీసులో ప్రీపోన్ అంటే అక్కడివాళ్ళు తెల్లమొహం వేయొచ్చు. అక్కడ బ్రింగ్ ఫార్వర్డ్ అనాలి.

తేదీల సంగతి అయింది. ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

మన పల్లెల్లో ఒకప్పుడు ఇళ్ళ గోడల మీద, తలుపుల మీద ఒక రాత కనిపించేది. ‘ఓ స్త్రీ రేపు రా.’ రాత్రిపూట ఒక ఆడ దెయ్యం ఊళ్ళోకి వస్తుందని పుకారు. తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందట. తలుపు తీస్తే ఇక అంతే. అందుకని గోడ మీద సున్నంతోనో, బొగ్గుతోనో ఆ మాట రాసేవాళ్ళు. దెయ్యం వస్తుంది. చదువుతుంది. రేపు రమ్మన్నారు కదా అని వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది. మళ్ళీ అదే రాత. మళ్ళీ వెళ్ళిపోతుంది. దెయ్యానికి అక్షరాలు వచ్చు, అనుమానం మాత్రం రాదు! ఆ దెయ్యాన్ని తరిమికొట్టలేదు. పొమ్మనలేదు. రావద్దని కూడా అనలేదు. రేపు అన్నారు. దాన్ని దూరంగా ఉంచారు.

ఇంగ్లీషులో దీన్ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ‘దే పుట్ హర్ ఆఫ్.’ ఇక్కడ దూరం జరిగింది తేదీ కాదు, మనిషి. సరే, దెయ్యం అనుకోండి.

కిరాణా కొట్లో బోర్డు చూసే ఉంటారు. ‘నేడు నగదు, రేపు అరువు.’ అదీ ఇంతే. అరువు ఇవ్వనని మొహం మీద చెప్పడు. రేపు ఇస్తానంటాడు. రేపు వెళ్తే బోర్డు అలాగే ఉంటుంది. అప్పు అడిగేవాణ్ణి ఆ బోర్డు రోజూ పుట్ ఆఫ్ చేస్తూ ఉంటుంది.

మన మాటల్లో దీనికి సరిగ్గా సరిపోయేది ‘తిప్పుకోవడం’. చేబదులు తీసుకున్నవాడు ఇవ్వడు. ఒకటో తారీఖు అంటాడు. జీతాలు రాలేదంటాడు. పండగ వెళ్ళనీయమంటాడు. మనం ఏమంటాం? ‘నెల రోజుల నుంచి రేపు రా, మాపు రా అని తిప్పుకుంటున్నాడండీ’ అంటాం. దీన్ని ఇంగ్లీషులో చెప్పమంటే చాలామంది ‘హి ఈజ్ రొటేటింగ్ మీ’ అని నవ్వులకి అంటారు. ‘హి హ్యాజ్ బీన్ పుటింగ్ మీ ఆఫ్ ఫర్ ఎ మంత్’ అంటే సరిపోతుంది. చూడండి, మనిషిని పుట్‌కీ, ఆఫ్‌కీ మధ్యలో పెట్టాం. పుటింగ్ మీ ఆఫ్. నన్ను దూరం పెడుతున్నాడు.

దర్జీ, ప్లంబరు, ఇల్లు కట్టే మేస్త్రీ, వీళ్ళందరి గురించీ ఈ వాక్యం వాడుకోవచ్చు. అలాగని వాళ్ళనే అనడం న్యాయం కాదు. మనం కూడా పుట్ ఆఫ్ చేస్తాం. ఇన్సూరెన్సు పాలసీ అమ్మడానికి దూరపు చుట్టం ఫోన్ చేస్తాడు. ‘ఈ నెల కాస్త ఇబ్బందిగా ఉంది బాబాయ్, వచ్చే నెల చూద్దాం’ అంటాం. వచ్చే నెల కూడా అదే మాట. బాబాయ్‌ని పుట్ ఆఫ్ చేశాం. మొహమాటం ఉన్నచోట ఈ పుట్ ఆఫ్ తప్పదు. కాదు అని ఒక్కసారి చెప్పేస్తే బాబాయ్‌కి కూడా కాలం కలిసొస్తుంది. కానీ మనవల్ల కాదు.

మూడో దూరం మనసుకి సంబంధించింది. దేని మీదనైనా మనసు విరగడం, వెగటు పుట్టడం.

హోటల్‌కి వెళ్ళారు. బయట బోర్డు బాగుంది. లోపలికి వెళ్ళి కూర్చున్నారు. బల్ల తుడవడానికి ఒక కుర్రాడు వచ్చాడు. వాడి చేతిలో గుడ్డ చూశారు. అంతే, ఆకలి పోయింది. ‘ద డర్టీ క్లాత్ పుట్ మీ ఆఫ్ మై ఫుడ్.’ ఆ గుడ్డ నన్ను తిండి నుంచి దూరం చేసింది. ఇక్కడ వాయిదా ఏమీ లేదు. రేపు తింటానని కాదు. మనసు అటు పోవడం లేదు, అంతే.

పిల్లలకి లెక్కలంటే భయం పుట్టించే మేష్టార్లు ఉంటారు. ‘ద టీచర్ పుట్ హిమ్ ఆఫ్ మ్యాథ్స్.’ ఆ మేష్టారి వల్ల వాడికి లెక్కల మీద మనసు విరిగిపోయింది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు ఉంటారు. కాఫీ తాగకముందే జీతమెంత, పొలమెంత, ఫ్లాటు ఎవరి పేరు మీద ఉంది అని మొదలుపెడతారు. పిల్ల లోపలికి వెళ్ళి వాళ్ళమ్మతో అంటుంది. ‘అయామ్ పుట్ ఆఫ్ బై దెయిర్ క్వశ్చన్స్, అమ్మా.’ అంటే ఆ ప్రశ్నలతో నాకు ఆ సంబంధం మీద ఇష్టం పోయింది అని. ఆ అమ్మ దీన్ని వాయిదా అనుకుందంటే చిక్కే. వచ్చే ఆదివారం రమ్మని వాళ్ళకి కబురు పంపుతుంది.

మనసుని దూరం చేసే ఇలాంటి వాటిని ఆఫ్ పుటింగ్ అంటారు. మాట తలకిందులైంది చూడండి. ఆఫ్ ముందుకు వచ్చింది. ‘హిజ్ టోన్ వజ్ ఆఫ్ పుటింగ్.’ ఆయన మాట్లాడిన తీరు వెగటుగా ఉంది.

ఇదే కోవలో ఇంకో చిన్న వాడుక. పాపాయి స్టేజీ ఎక్కి పద్యం చెప్తోంది. ముందు వరసలో కూర్చున్న అన్నయ్య మొహం వంకర్లు తిప్పుతున్నాడు. పాపాయి పద్యం మర్చిపోయింది. వాడు పాపాయిని పుట్ ఆఫ్ చేశాడు. ధ్యాసని దూరం చేశాడు.

మూడు దూరాలు చూశాం. తేదీ, మనిషి, మనసు. పుట్ ఆఫ్ వినగానే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఏది దూరం జరిగింది?

ఇప్పుడు మన ఇళ్ళలో బాగా వినబడే ఒక వాడుక గురించి. ‘పుట్ ఆఫ్ ద లైట్.’ స్కూళ్ళలో టీచర్లు అంటారు. ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటారు. ఇది తప్పా? తప్పని కొట్టిపారేయలేం. బ్రిటన్‌లోనూ కొన్నిచోట్ల అలా అనేవాళ్ళున్నారు. పుట్ ఆన్ ద లైట్ ఉంది కాబట్టి పుట్ ఆఫ్ కూడా ఉండాలనుకోవడం సహజమే. కాకపోతే ఎక్కువమంది టర్న్ ఆఫ్, లేదా స్విచ్ ఆఫ్ అంటారు. అమెరికాలో ఉన్న మనవడితో మాట్లాడేటప్పుడు టర్న్ ఆఫ్ అంటే తేలిక. దీపానికైతే, మంటకైతే పుట్ అవుట్. మన ఊళ్ళలోనూ ఇలాంటివి ఎన్నో ఉన్నాయిగా. కొందరు లైటు తీసేయమంటారు. కొందరు కట్టేయమంటారు. తెలంగాణలో బంద్ చేయమంటారు. దేవుడి దగ్గర దీపాన్ని మాత్రం ఎవరూ ఆర్పేశామనరు, ఆరిపోయిందనరు. కొండెక్కింది అంటారు. దీనికి ఇంగ్లీషులో ఏ ఫ్రేజల్ వెర్బూ సాటిరాదు.

ఇక వాక్యంలో దీన్ని ఎలా కూర్చాలో రెండు మాటలు. కాస్త జాగ్రత్తగా వినండి, చిన్నదే.

‘పుట్ ఆఫ్ ద వెడ్డింగ్’ అనొచ్చు. ‘పుట్ ద వెడ్డింగ్ ఆఫ్’ అని కూడా అనొచ్చు. రెండూ ఒప్పే. కానీ వెడ్డింగ్ అన్న పేరు తీసేసి, దాన్ని అనే అర్థంలో ఇట్ పెట్టామనుకోండి. అప్పుడు దారి ఒక్కటే. ‘పుట్ ఇట్ ఆఫ్.’ ఇట్ మధ్యలోనే ఉండాలి. ‘పుట్ ఆఫ్ ఇట్’ అనకూడదు. మీ, హిమ్, హర్, దెమ్, అన్నీ ఇంతే. పుట్ మీ ఆఫ్. పుట్ హిమ్ ఆఫ్. పుట్ దెమ్ ఆఫ్. చిన్న మాట మధ్యలో నలిగిపోతుంది, చివర ఆఫ్ మీద గొంతు ఒత్తి పలుకుతారు. పైకి నాలుగుసార్లు అనుకోండి. పుట్ ఇట్ ఆఫ్. పుట్ ఇట్ ఆఫ్. నోటికి అలవాటైతే సూత్రం గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

రెండోది. ఒక పనిని వాయిదా వేస్తున్నామని చెప్పాలంటే ఆ పని మాటకి ఇంగ్ చేర్చాలి. పన్ను నొప్పి. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి భయం. ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్.’ గోయింగ్. మనవాళ్ళు ‘పుట్ ఆఫ్ టు గో’ అనేస్తుంటారు. వెళ్ళడం అని మనసులో అనుకుంటే గోయింగ్ దానంతటదే వస్తుంది. ఇంకోటి, పుట్ నిన్నకీ పుట్టే, ఇవాళకీ పుట్టే. పుటెడ్ అనే మాట లేదు.

తెలుగు నుంచి ఇంగ్లీషుకి వెళ్ళేటప్పుడు మాత్రం మన వాయిదాతో జాగ్రత్త. ‘పరీక్ష వాయిదా పడింది’ అంటే పుట్ ఆఫ్. ‘ఎల్లుండి కోర్టులో వాయిదా ఉంది’ అంటే కాదు. అక్కడ వాయిదా అంటే విచారణ తేదీ. హియరింగ్ ఉందన్నమాట. ‘ఫ్రిజ్ వాయిదాల మీద కొన్నాం’ అంటే అదీ కాదు. అది ఇన్‌స్టాల్‌మెంట్. అసలు ఈ వాయిదా మనకి ఉర్దూ నుంచి వచ్చింది. అక్కడ దానికి ఇచ్చిన మాట, పెట్టుకున్న గడువు అని అర్థం. హిందీ పాటల్లో ప్రియుడు చేసే వాదా కూడా దీని చుట్టమే. మాట ఇవ్వడం అన్న అర్థంతో బయల్దేరిన మాట మన దగ్గరికొచ్చేసరికి తర్వాత చూద్దాం అన్న అర్థంలో స్థిరపడింది. అప్పు తీసుకున్నవాళ్ళ పుణ్యమే అయ్యుంటుందని నా అనుమానం.

వెళ్ళే ముందు మూడు వాక్యాలు చెప్తాను. ఏది దూరం జరిగిందో మీరు చెప్పాలి. నేను ఒక్క క్షణం ఆగుతాను.

మొదటిది. ‘అవర్ హౌస్ ఓనర్ కీప్స్ పుటింగ్ అస్ ఆఫ్ అబౌట్ ద లీకింగ్ ట్యాప్.’ కారుతున్న కుళాయి గురించి ఇంటి ఓనరుని అడుగుతున్నాం. ఏది దూరమైంది? మనుషులు. మనల్ని తిప్పుకుంటున్నాడు.

రెండోది. ‘ద డాక్టర్ పుట్ మీ ఆఫ్ స్వీట్స్.’ స్వీట్లు ఎంత చేటో డాక్టరు గారు వివరంగా చెప్పారు. ఏది దూరమైంది? మనసు. అరిసెల మీద ఆశ పోయింది. పోయిందనే అందాం.

మూడోది. ‘ద డాక్టర్ పుట్ మీ ఆఫ్ టిల్ మండే.’ అదే డాక్టరు గారు, అదే నేను. చివర స్వీట్స్ పోయి టిల్ మండే వచ్చింది. ఇది మాత్రం మీకే వదిలేస్తున్నాను. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్ళని కూర్చోబెట్టి అడగండి.